నికోటిన్ పరాధీనతను కొలవడం: సాధనాలు, వాదాలు, తేలని లెక్కలు

పొగాకు వాడే మనిషి ఆ వాడకానికి ఎంతగా లొంగిపోయాడో అంకెల్లో చెప్పే ప్రయత్నం మొదలై అర్ధశతాబ్దం కావస్తోంది. ఈ కాలంలో రెండు ప్రశ్నల పట్టిక మొదలుకొని అరవై ఎనిమిది ప్రశ్నల పట్టిక దాకా, ఊపిరి పరీక్ష మొదలుకొని జన్యు పరీక్ష దాకా సాధనాలు పెరుగుతూ వచ్చాయి గాని, ఒకే మనిషిని రెండు సాధనాలతో కొలిచినప్పుడు ఒకటి తీవ్రమనీ మరొకటి స్వల్పమనీ తేల్చడం మాత్రం తగ్గలేదు. ఇందులో తప్పు ఏదో ఒక సాధనానిదని అనుకోవడం సులభమే. అయితే వాటి చరిత్రను వరుసగా చూస్తే, ప్రతి సాధనమూ వేరొక ప్రశ్నకు జవాబుగా పుట్టిందనీ, పరాధీనత అన్న ఒకే పేరు కింద నాలుగైదు వేర్వేరు విషయాలను కొలుస్తున్నారనీ అర్థమవుతుంది.

అలవాటు నుంచి వ్యసనం దాకా

పొగతాగేవారు పొగ కోసం కాక అందులోని నికోటిన్ కోసమే తాగుతారన్న ఊహ కొత్తది కాదు. 1942లోనే బ్రిటిష్ వైద్యుడు లెనాక్స్ జాన్‌స్టన్ తన మీదా, మరికొందరి మీదా నికోటిన్‌ను సూదిమందుగా ప్రయోగించి, సూది వేసిన తరువాత కొంతసేపు సిగరెట్ మీదికి మనసు పోకపోవడాన్ని లాన్సెట్ పత్రికలో నమోదు చేశాడు. ఆ పరిశీలన చాలాకాలం ఎవరికీ పట్టలేదు. పొగకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని నిర్ద్వంద్వంగా ప్రకటించిన 1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ నివేదిక కూడా, పొగతాగడాన్ని వ్యసనంగా కాక అలవాటుగానే వర్గీకరించింది. మత్తు కలిగించడం, సమాజానికి హాని చేయడం వంటి లక్షణాలు ఉంటేనే వ్యసనమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 1957లో ఇచ్చిన నిర్వచనం అప్పటి ఆలోచనను శాసించింది. సిగరెట్ తాగినవాడు తూలడు, పని మానడు, కాబట్టి అతడిది అలవాటే అన్నది ఆనాటి తర్కం.

లండన్‌లో మైకేల్ రసెల్ 1970ల్లో చేసిన పరిశోధనలు ఈ తర్కాన్ని తలకిందులు చేశాయి. మనుషులు నికోటిన్ కోసం పొగతాగుతారు గాని వారిని చంపేది తారు అని ఆయన 1976లో చేసిన సూత్రీకరణ ఆ రంగంలో నేటికీ వినబడుతుంది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ సంపుటి మూడవ కూర్పులో పొగాకు పరాధీనతను మొదటిసారి చేర్చగా, 1988లో సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ నివేదిక సిగరెట్‌ను వ్యసనకారకమని, ఆ వ్యసనాన్ని నడిపే ప్రక్రియలు హెరాయిన్, కొకైన్‌ల వంటివేనని ప్రకటించింది. కొలత సాధనాల్లో అత్యంత ప్రసిద్ధమైనది మాత్రం ఈ అధికారిక అంగీకారానికి పదేళ్ళ ముందే పుట్టింది.

ఫాగర్‌స్ట్రోమ్ ఆరు ప్రశ్నలు

స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ ఓలోవ్ ఫాగర్‌స్ట్రోమ్ 1978లో ఎనిమిది ప్రశ్నల పట్టికను ప్రచురించినప్పుడు ఆయన ఉద్దేశం పరిమితమైనది. శారీరకంగా బాగా లొంగినవారు ఎవరో, కానివారు ఎవరో తేల్చి, ఎవరికి తగిన చికిత్స వారికి ఇవ్వడం వరకే దాని పని. 0 నుంచి 11 దాకా మార్కులు వేసే ఆ పట్టికలో, తాగే సిగరెట్‌లో నికోటిన్ ఎంత, పొగను లోపలికి పీలుస్తారా అన్న ప్రశ్నలు కూడా ఉండేవి. తక్కువ నికోటిన్ ఉన్న సిగరెట్‌కు మారినవారు మరింత గట్టిగా, ఎక్కువసార్లు పీల్చి లోటు పూడ్చుకుంటారని తేలడంతో పెట్టె మీది అంకెకు అర్థం లేకపోయింది. ఆ రెండు ప్రశ్నలనూ తొలగించి, మిగిలినవాటిలో రెండింటి మార్కులను సవరించి, 1991లో హీథర్‌టన్, కోజ్లోవ్‌స్కీ, ఫ్రెకర్‌లతో కలిసి ఫాగర్‌స్ట్రోమ్ ప్రకటించిన ఆరు ప్రశ్నల రూపమే నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

ఈ పట్టికను కాస్త దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే తరువాతి వివాదాలన్నీ దీని చుట్టే తిరిగాయి. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారన్నది మొదటి ప్రశ్న. అయిదు నిమిషాల లోపయితే 3 మార్కులు, అరగంట లోపయితే 2, గంట లోపయితే 1, ఆ పైన సున్నా. రోజుకు ఎన్ని తాగుతారన్న ప్రశ్నకు పది లోపు సున్నా, ఇరవై లోపు 1, ముప్పై లోపు 2, అంతకు మించితే 3. తాగకూడని చోట ఆపుకోవడం కష్టమా, అన్నిటికంటే వదులుకోలేనిది పొద్దుటి సిగరెట్టేనా, మిగతా రోజుకంటే పొద్దున పూటే ఎక్కువగా తాగుతారా, జబ్బుపడి మంచం పట్టినప్పుడు కూడా తాగుతారా అన్న నాలుగింటికీ అవును అంటే ఒక్కొక్కటి. మొత్తం పది.

మొదటి ప్రశ్నకు అంత బరువు ఇవ్వడానికి శరీరధర్మమే కారణం. రక్తంలో నికోటిన్ సగానికి తగ్గడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. రాత్రంతా నిద్రలో గడిచేసరికి దాని మోతాదు అడుగంటి, మెదడులోని గ్రాహకాలు ఖాళీ అయి, మెలకువ రాగానే లోటు తెలుస్తుంది. ఆ లోటును మనిషి ఎంతసేపు ఓర్చుకోగలడన్నదే ప్రశ్న సారాంశం. బీడీ వెలిగిస్తే గాని కాలకృత్యం తీరదనే మాట పల్లెల్లో తరచు వినబడేది ఈ స్థితినే చెబుతుంది. 1989లో హీథర్‌టన్ బృందం మొదటి రెండు ప్రశ్నలను మాత్రమే విడదీసి 0 నుంచి 6 దాకా కొలిచే సూచికను తయారు చేయగా, 2007లో బేకర్, సహచరులు ఈ ఒక్క మొదటి ప్రశ్నే మానగలిగేదెవరో, మానలేనిదెవరో ముందుగా చెప్పడంలో మిగతా ప్రశ్నలకంటే మెరుగని చూపారు. నికోటిన్ బిళ్ళ మోతాదును నిర్ణయించడానికి లేచిన అరగంట లోపే తాగుతారా అన్న ఒక్క ప్రశ్నే చాలా దేశాల్లో ఆధారం.

విమర్శలూ గట్టివే. ఒక పట్టికలోని ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తుంటే వాటి జవాబులు కలిసికట్టుగా కదలాలి. ఈ పొందికను ఆల్ఫా అనే అంకెతో చెబుతారు, అది 1కి చేరువయ్యేకొద్దీ పొందిక ఎక్కువని లెక్క. సాధారణంగా 0.7 ఉంటేనే పట్టిక నమ్మదగినదంటారు. 1991 పత్రంలోనే ఈ పట్టిక ఆల్ఫా 0.61. పైగా సిగరెట్ ధరలు పెరిగి, ఆంక్షలు బిగిసిన దేశాల్లో రోజుకు పది లోపు తాగేవారే ఎక్కువవుతున్న కొద్దీ రెండవ ప్రశ్నకు జవాబులన్నీ సున్నా దగ్గర గుమిగూడుతాయి. తాగకూడని చోటు అన్నది మనిషి మనసును బట్టి కాక చట్టాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో 2008 అక్టోబరు 2న బహిరంగ స్థలాల్లో పొగతాగడంపై నిషేధ నిబంధనలు అమలులోకి వచ్చాక, ఆ ప్రశ్నకు అంతకుముందు వచ్చిన జవాబునూ తరువాత వచ్చిన జవాబునూ ఒకే తక్కెడలో తూచడం సరికాదు. 2012లో ఫాగర్‌స్ట్రోమ్ స్వయంగా తన పట్టిక పేరులోని నికోటిన్‌ను తీసివేసి సిగరెట్ అని పెట్టాలని ప్రతిపాదించాడు. మనుషులు లొంగేది ఒక్క నికోటిన్‌కే కాదు, నికోటిన్‌తో ముడిపడిన సిగరెట్ అనే వస్తువుకూ, ఆ చేష్టకూ అన్నది ఆయన వాదన. సొంత సాధనం పరిధిని ఇలా కుదించుకున్న శాస్త్రవేత్తలు అరుదు.

రోగనిర్ధారణ సంప్రదాయం

ఫాగర్‌స్ట్రోమ్ ఎంత అని అడిగితే, మానసిక వైద్యం ఉందా లేదా అని అడుగుతుంది. అమెరికన్ సంపుటి నాలుగవ కూర్పు 1994లో ఏడు లక్షణాలు చెప్పి, పన్నెండు నెలల్లో మూడు కనిపిస్తే నికోటిన్ పరాధీనత అంది. 2013 నాటి అయిదవ కూర్పు పేరును పొగాకు వాడక రుగ్మతగా మార్చి, తహతహను కొత్తగా చేర్చి, లక్షణాలను పదకొండుకు పెంచి, రెండు ఉంటే స్వల్పం, నాలుగు ఉంటే మధ్యస్థం, ఆరు ఉంటే తీవ్రం అని మెట్లు కట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ పదవ కూర్పులో ఆరు లక్షణాల్లో మూడు ఉండాలన్నారు.

ఈ సంప్రదాయంలోని ఇబ్బంది ఏమిటంటే, లక్షణాలు ఎక్కువగా మద్యాన్నీ, మత్తుమందులనూ దృష్టిలో పెట్టుకొని రాసినవి. పదార్థాన్ని సంపాదించడానికి ఎక్కువ సమయం వెచ్చించడం అనే లక్షణం వీధి మలుపులో కిళ్ళీ బడ్డీ ఉన్న ఊళ్ళో పొగాకుకు ఎలా వర్తిస్తుంది? వాడకం వల్ల బాధ్యతలు విస్మరించడం అన్నదీ అంతే. ఎడతెరిపి లేకుండా తాగడాన్ని సమయం వెచ్చించడం కింద లెక్కించమని వివరణ ఇచ్చి సర్దుకున్నారు గాని, అతుకు అతుకుగానే కనిపిస్తుంది. రోగనిర్ధారణ ప్రమాణాల ఫలితాలకూ ఫాగర్‌స్ట్రోమ్ మార్కులకూ మధ్య సంబంధం ఒక మోస్తరుగా మాత్రమే ఉండడంలో ఆశ్చర్యం లేదు. ఫాగర్‌స్ట్రోమ్ పట్టిక ప్రధానంగా ప్రవర్తనను లెక్కిస్తే, రోగనిర్ధారణ ప్రమాణాలు ఆ ప్రవర్తన వల్ల మనిషి పడే ఇబ్బందిని లెక్కిస్తాయి.

ఒక్క అంకె చాలదన్న వాదం

1976లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, మిల్టన్ గ్రాస్ మద్య పరాధీనతను అనేక లక్షణాల కూటమిగా వర్ణించారు. ఆ ఆలోచనను పొగాకుకు తెచ్చి 2004లో సాల్ షిఫ్‌మన్ బృందం అయిదు కోణాల పట్టిక తయారు చేసింది. తాగాలన్న ఒత్తిడి, మిగతా సుఖాలకంటే దానికే ప్రాధాన్యం ఇవ్వడం, మోతాదును తట్టుకునే శక్తి, రోజంతా ఎడం లేకుండా సాగడం, చోటూ సందర్భమూ మారినా తాగే తీరు మారకపోవడం అన్నవి ఆ కోణాలు. అదే ఏడాది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన అరవై ఎనిమిది ప్రశ్నల పట్టిక, ఎంత తాగుతారని కాక ఎందుకు తాగుతారని అడిగి, పదమూడు ప్రేరణలను విడివిడిగా కొలిచింది. వాటిలో యాంత్రికంగా తాగడం, అదుపు తప్పడం, తహతహ, తట్టుకునే శక్తి అన్న నాలుగే ప్రధానమైనవనీ, బరువు తగ్గడం కోసమనీ రుచి కోసమనీ చెప్పే కారణాలు అనుబంధాలనీ తరువాతి విశ్లేషణలు తేల్చాయి. 2010లో పట్టికను ముప్పై ఏడు ప్రశ్నలకు కుదించారు. ఇద్దరికి ఒకే మార్కు వచ్చినా వారి కష్టం ఒకటి కాకపోవచ్చని చూపడం ఈ వాదం సాధించిన మేలు. వరుసలో రోగులు ఎదురుచూస్తున్న ప్రభుత్వాసుపత్రిలో అంత పొడవైన పట్టికను నింపే తీరిక ఎవరికీ ఉండకపోవడం దాని పరిమితి. పరిశోధన గది దాటి ఇది పెద్దగా బయటికి రాకపోవడానికి కారణం శాస్త్రీయమైనది కాదు.

జెనీవాలో ఎటర్, సహచరులు 2003లో ప్రకటించిన పన్నెండు ప్రశ్నల, అయిదు ప్రశ్నల పట్టికలు ఈ రెండు ధోరణుల మధ్య రాజీగా వచ్చాయి.

ఎప్పుడు మొదలవుతుందన్న తగవు

అన్నిటికంటే వేడిగా సాగిన వాదం కౌమార వయసు గురించి. పరాధీనత అంటే ఏళ్ళ తరబడి రోజూ తాగగా పేరుకునేదని పాత సాధనాలన్నీ అనుకున్నాయి. మసాచుసెట్స్‌లో పాఠశాల విద్యార్థులను అనుసరించిన జోసెఫ్ డిఫ్రాంజా బృందం, రోజూ తాగడం మొదలు కాకముందే కొందరిలో తహతహ, మానలేకపోవడం కనిపిస్తాయని 2000లో ప్రకటించి, 2002లో పది ప్రశ్నల జాబితాను ఇచ్చింది. ఇందులో మార్కుల కంటే సూత్రం ముఖ్యం. ఏ ఒక్క ప్రశ్నకు అవునన్నా, మానడానికి ప్రయత్నం అవసరమయ్యే స్థితి వచ్చిందనీ, స్వాధీనత కొంత పోయిందనీ లెక్క.

ప్రతివాదులకు షిఫ్‌మన్ 1980ల చివర నుంచి అధ్యయనం చేసిన ఒక వర్గమే ఆయుధం. ఏళ్ళ తరబడి రోజుకు అయిదు మించకుండా సిగరెట్లు తాగుతూ, మానినప్పుడు చెప్పుకోదగ్గ బాధ లేనివారు వీరు. మొదటి కొన్ని సిగరెట్లకే లొంగిపోవడం జరిగితే వీరు ఎలా మిగిలారని వారి ప్రశ్న. తహతహ అన్న మాటకు పిల్లలు ఇచ్చే అర్థమూ, పాతికేళ్ళు తాగినవారు ఇచ్చే అర్థమూ ఒకటి కాదని, ఒక్క అవునుతో పరాధీనతను నిర్ణయించడం ఆ భావననే పలుచన చేస్తుందని విమర్శకులు అన్నారు. ఈ తగవు తెగలేదు. అయితే డిఫ్రాంజా జాబితా తొలి దశను పట్టుకోవడానికీ, ఫాగర్‌స్ట్రోమ్ పట్టిక ముదిరిన దశలో తేడాలు చెప్పడానికీ పనికివస్తాయని, రెండూ ఒకే కొలబద్ద మీద రెండు చివరలని చూస్తే వైరుధ్యంలో చాలా భాగం కరిగిపోతుంది.

శరీరం ఇచ్చే సాక్ష్యం

మాట మీద నమ్మకం లేనివారు రక్తం, లాలాజలం, మూత్రం వైపు తిరిగారు. నికోటిన్ కాలేయంలో మారి ఏర్పడే కోటినిన్ అనే పదార్థం సగానికి తగ్గడానికి సుమారు పదహారు గంటలు తీసుకుంటుంది కాబట్టి గత రెండు మూడు రోజుల వాడకానికి అది మంచి సాక్షి. ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే పరికరం చవక, ఫలితం వెంటనే తెలుస్తుంది. కాని అది కొద్ది గంటల్లోనే తగ్గిపోతుంది, పొగలేని పొగాకును అసలు పట్టుకోలేదు, కట్టెల పొయ్యి దగ్గర గంటల తరబడి కూర్చున్న స్త్రీ ఊపిరిలో కూడా కాస్త పెరిగి కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఇవి ఎంత లోపలికి వెళ్ళిందో చెబుతాయి గాని ఎంత లొంగారో చెప్పవు. 1994లో బెనోవిట్జ్, హెనింగ్‌ఫీల్డ్ రోజుకు అయిదు మిల్లీగ్రాముల నికోటిన్‌ను పరాధీనతకు గడపగా సూచించారు. అది కూడా అందరికీ ఒకేలా వర్తించే గీత కాదు.

ఈ దారిలో ఎక్కువ ఆశ రేపింది మరో కొలత. నికోటిన్‌ను విరగ్గొట్టే ప్రధాన ఎంజైము సీవైపీ2ఏ6 వేగం మనిషి మనిషికీ జన్యువులను బట్టి మారుతుంది. కోటినిన్‌కూ, దాని నుంచి ఏర్పడే తరువాతి పదార్థానికీ గల నిష్పత్తిని చూస్తే ఆ వేగం తెలుస్తుంది. వేగంగా విరగ్గొట్టేవారికి నికోటిన్ లోటు త్వరగా వస్తుంది, వారు మానడం కష్టం. 2015లో లెర్మన్ బృందం చేసిన ప్రయోగంలో, సాధారణ వేగం ఉన్నవారికి నికోటిన్ పట్టీకంటే వరెనిక్లిన్ మాత్ర మెరుగ్గా పనిచేయగా, మెల్లగా విరగ్గొట్టేవారికి రెండిటి ఫలితమూ దాదాపు సమానమై, మాత్రతో దుష్ప్రభావాలు ఎక్కువయ్యాయి. ఎవరికి తగిన చికిత్స వారికన్న 1978 నాటి ఉద్దేశాన్ని ప్రశ్నలు లేకుండా నెరవేర్చిన సాధనం ఇదే. ఖర్చు, ప్రయోగశాల అవసరం దీనికి అడ్డు.

ఇన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మానే ప్రయత్నం నిలుస్తుందో లేదో ముందుగా చెప్పడంలో చిన్న ప్రశ్నలదే పైచేయి, మనుషుల మధ్య తేడాలు వివరించడంలో పొడవైన పట్టికలది, పిల్లల్లో తొలి ఆనవాళ్ళు పసిగట్టడంలో డిఫ్రాంజా జాబితాది, జనాభాలో రుగ్మత ఎంతమందికి ఉందో లెక్కించడంలో రోగనిర్ధారణ ప్రమాణాలది. ఏది ఉత్తమమన్న ప్రశ్న కంటే ఎందుకోసమన్న ప్రశ్న ముందుండాలి. పరిశోధన పత్రాల్లో ఈ వరుస తరచు తారుమారవుతుంది.

బీడీ, చుట్ట, గుట్కా ఎదుట

ఈ సాధనాలన్నీ పెట్టెలో వచ్చే సిగరెట్‌ను దృష్టిలో పెట్టుకొని పుట్టినవి. భారతదేశపు పొగాకు లెక్క వేరు. 2016-17 నాటి ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్ళు దాటినవారిలో 28.6 శాతం పొగాకు వాడుతుండగా, పొగ రూపంలో వాడేవారు 10.7 శాతం, నమిలో పెదవి కింద పెట్టుకునో వాడేవారు 21.4 శాతం. పొగతాగేవారిలోనూ సిగరెట్‌కంటే బీడీదే పెద్ద వాటా. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు వాడకం 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం.

తునికాకులో చుట్టిన బీడీలో పొగాకు సిగరెట్‌లోకంటే చాలా తక్కువ. కాని ఆరిపోకుండా ఉండాలంటే తరచుగా దమ్ము లాగాలి, కాబట్టి నికోటిన్ తక్కువేమీ అందదు. కట్ట లెక్కన కొనే బీడీకి పది, ఇరవై, ముప్పై అన్న హద్దులు ఏ ఆధారంతో వర్తిస్తాయి? చుట్ట సంగతి మరీ చిక్కు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాల్లో ముఖ్యంగా స్త్రీలు నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకొని తాగే అడ్డపొగ వైద్యలోకానికి బాగా తెలిసినదే. పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అంగిటి మీద ఏర్పడే మచ్చలను, పుండ్లను వర్ణించిన అధ్యయనం 1971లో వెలువడింది. ఆర్పి, దాచి, మళ్ళీ వెలిగించే చుట్టను రోజుకు ఎన్ని అని అడిగితే ఒకటో రెండో అని జవాబు వస్తుంది, పట్టిక ప్రకారం సున్నా మార్కులు పడతాయి. ఆ సున్నా మనిషిని గురించి చెప్పేది ఏమీ లేదు.

పొగలేని పొగాకు కోసం ఫాగర్‌స్ట్రోమ్ పట్టికను సవరించి 2006లో ఎబర్ట్ బృందం ప్రకటించిన రూపం, వారానికి ఎన్ని డబ్బాలు, రసాన్ని మింగుతారా అని అడుగుతుంది. డబ్బా అమెరికా కొలత. ఇక్కడ ఖైనీ, గుట్కా, జర్దా పొట్లాల బరువు ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది. అరచేతిలో కలిపే సున్నం నికోటిన్‌ను నోటి పొరల గుండా త్వరగా పీల్చుకునేలా చేస్తుంది, కాబట్టి సున్నం పాలును బట్టి ఒకే బరువు పొగాకు వేర్వేరు మోతాదులుగా పనిచేస్తుంది. మింగిన నికోటిన్ కాలేయంలో నేరుగా కోటినిన్‌గా మారుతుంది కనుక నమిలేవారి కోటినిన్ అంకెను పొగతాగేవారి అంకెతో సరిపోల్చడం కూడా ప్రమాదమే. గుట్కాలోని వక్క ఈ చిక్కును రెట్టింపు చేస్తుంది. వక్కలోని ఆరెకోలిన్‌కు కూడా మనుషులు లొంగుతారు. గుట్కా నమిలేవాడి తహతహలో పొగాకు పాలెంత, వక్క పాలెంత అన్నది ఏ పట్టికా అడగదు.

లెక్కించే ప్రశ్నలన్నీ ఇలా తడబడినప్పుడు, లేచిన ఎంతసేపటికన్న ప్రశ్న మాత్రం వస్తువు మారినా చాలామటుకు నిలుస్తుంది. ప్రపంచ వయోజన సర్వే కూడా దానినే అడుగుతుంది. దానికీ ఒక మినహాయింపు ఉంది. పొగాకు పొడితో పళ్ళు తోముకునే అలవాటున్న చోట్ల లేచిన అయిదు నిమిషాల్లో పొగాకు నోట్లోకి వెళ్ళడం లోటు వల్ల కావచ్చు, దంతధావనం వల్ల కావచ్చు. ఆ పొడి ఒక్కపూట దొరకకపోతే ఏమవుతుందని తోడు ప్రశ్న అడిగితే గాని తేడా తెలియదు.

రెండూ వాడేవారి లెక్క

2015లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ-సిగరెట్లకు ప్రత్యేకంగా పది ప్రశ్నల సూచికను ఇచ్చారు. భారతదేశం 2019లో వాటిని నిషేధించడంతో ఇక్కడ దాని అవసరం పరిమితం. కాని వస్తువుకు ఒక పట్టిక చొప్పున పెరిగే ఈ ధోరణి ఒక వర్గాన్ని ఎప్పటికీ వదిలేస్తుంది. పైన చెప్పిన సర్వేలోనే దేశ వయోజనుల్లో 3.4 శాతం పొగనూ, పొగలేని పొగాకునూ రెండింటినీ వాడేవారు. తాగకూడని చోట ఖైనీ పెదవి కింద పెట్టుకొని, బయటికి రాగానే బీడీ వెలిగించే మనిషికి ఆపుకోవడం కష్టమా అన్న ప్రశ్నకు కాదనే జవాబు నిజాయితీగానే వస్తుంది, ఎందుకంటే అతడు ఎక్కడా ఆపుకోవలసిన పని లేదు. బీడీ పట్టికలో అతడికి మూడో నాలుగో, ఖైనీ పట్టికలో మరో మూడో నాలుగో మార్కులు పడతాయి. రెండు పట్టికలూ విడివిడిగా అతడిది స్వల్పమనే చెబుతాయి. ఆ రెండంకెలను కూడాలా, పెద్దదాన్ని తీసుకోవాలా, లేక వస్తువుల పేర్లు తీసేసి రోజంతటినీ ఒకే వాడకంగా అడగాలా అన్నదానిపై పరిశోధకులు ఒక మాటకు రాలేదు. ఈలోగా సలహా కేంద్రంలో బీడీ మానిన అతడి పేరు విజయాల జాబితాలో చేరుతుంది, ఖైనీ పొట్లాల సంఖ్య పెరిగిన సంగతి ఏ కాగితం మీదికీ రాదు.